కుడివైపు దీపం

ఎలీషాను నాలుగు గంటలకు మేజిస్ట్రేటు ముందు హాజరు పరుస్తారు. ఆ తర్వాత అతను జైలుకు పోతాడు, ఆపైన సంగతి దేవుడికెరుక. స్టేషను గోడ మీది గడియారం పదిన్నర చూపిస్తోంది.

రెబ్కా తొమ్మిదింటికే వచ్చింది. గంటన్నర పాటు వరండాలో బల్ల మీద కూర్చోబెట్టారు. సీఐ త్రినాథ్ కావాలనే కూర్చోబెట్టాడని ఆమెకు తెలుసు. ఇద్దరూ ఒకే బ్యాచిలో ఎస్సైలుగా చేరినవాళ్ళు. పై అధికారి మాట వినక ఆమె ఆరేళ్ళకే ఉద్యోగం వదులుకుని గుంటూరులో ప్రైవేటు డిటెక్టివ్ బోర్డు పెట్టుకుంది. అతను విని సీఐ అయ్యాడు. ఆమెను ఎక్కడ చూసినా అతని మొహం పుల్లటి మజ్జిగ తాగినట్టు అయిపోతుంది.

బల్ల మీద ఆమె పక్కన జహీరున్నీసా కూర్చుంది. మంగళవారం సాయంత్రం కారు కింద నలిగి చచ్చిపోయిన మెకానిక్ బుడే సాహెబు భార్య ఆమె. ఇవాళ గురువారం. భర్తను మట్టిలో పెట్టిన మర్నాడే, ఆయన్ని చంపాడని పోలీసులు పట్టుకున్నవాణ్ణి విడిపించమని డిటెక్టివును పెట్టుకుంది. పదేళ్ళ అనుభవంలో రెబ్కాకు ఇలాంటి కేసు తగలలేదు.

"ఏడాదిగా రోజూ పోట్లాడుకున్నారమ్మా ఇద్దరూ. పోట్లాడి పోట్లాడి ఇంటికొచ్చి నా చేతి అన్నం తినేవాళ్ళు. తింటా మళ్ళీ పోట్లాడేవాళ్ళు. వాడు చంపలా. నాకింతకన్నా చెప్పడం రాదు," అంది జహీరున్నీసా.

కొంగు చాటు నుంచి ఒక చిన్న నోటుపుస్తకం తీసి రెబ్కా చేతిలో పెట్టింది. అది బుడే సాహెబుది. అంతా గ్రీజు మరకలే. చివరి పేజీలో వంకర అక్షరాలతో ఒకే ఒక్క వరస ఉంది: చీరాల, కుదురు. దాని కింద ఒక ఫోను నంబరు, పక్కన 'పీపీ శాంతి' అని. అంటే పక్కింటి శాంతి ఫోనుకు చేసి పిలిపించమనాలి. ఎవరిని పిలిపించాలో మాత్రం రాయలేదు.

పది నలభైకి లాకప్ దగ్గరకు పోనిచ్చారు. ఎలీషాకు ముప్పై రెండేళ్ళుంటాయి. లారీల దగ్గర్నుంచి ట్రాక్టర్ల దాకా ఈ చుట్టుపక్కల ఏ బండికి కరెంటు పని ఉన్నా అతనే చెయ్యాలి. ఇప్పుడు ఎడమ చెంప ఉబ్బి ఉంది. రెబ్కా ఆ చెంప వైపు చూసింది గానీ ఏమీ అడగలేదు. అడిగితే పడిపోయానంటాడు.

ఆమెకు తెలిసినంతవరకు కేసు ఇది. పొగాకు వ్యాపారి అంకమ్మరావు వచ్చే నెల ఎన్నికల్లో నామినేషన్ వేస్తాడు. ఆ రోజు తన తండ్రి కారులో ఊరేగింపుగా వెళ్ళాలని ముచ్చటపడ్డాడు. 1953 నాటి ఆస్టిన్ అది. తండ్రి దాన్ని ఎందుకో ఒక రోజు ఉన్నపళాన గోడౌనులో పెట్టి తాళం వేశాడు. పాతికేళ్ళు పొగాకు బేళ్ళ వెనక పడి ఉన్నదాన్ని బయటికి లాగి, బాగుచెయ్యమని బుడే సాహెబుకు అప్పగించారు. కరెంటు పని ఎలీషాకిచ్చారు. గొడవ అక్కడే మొదలైంది. బుడే సాహెబు మేకు దగ్గర్నుంచి టాపు దాకా అంతా అసలుదే ఉండాలంటాడు. ఎలీషా నడిచే బండికి నడిచే సామాను వెయ్యాలంటాడు.

"మంగళవారం ఎందుకు అరుచుకున్నారు?"

"ఎర్త్ గురించి మేడమ్," అన్నాడు ఎలీషా. "ఇప్పటి బళ్ళన్నిటికీ బ్యాటరీ మైనస్ తీసుకెళ్ళి బాడీకి కడతాం. ఆ బండికి ప్లస్ బాడీకి. ఆ కాలం ఇంగ్లీషు బళ్ళంతే. ఊరేగింపంటే మెల్లగా నడవాలి, మైకుండాలి, లైట్లుండాలి, ఆ పాత డైనమో మొయ్యదు. ఆల్టర్నేటర్ వేద్దాం, ఎర్త్ తిప్పేద్దాం అన్నా. నా ప్రాణముండగా తిప్పనివ్వనన్నాడు సాహెబు మామ."

ఆ చివరి మాటే వాచ్‌మన్ సైదా చెవిన పడింది. సైదా నోటి నుంచి అది త్రినాథ్ చెవికి చేరింది. చచ్చినవాడు ప్రాణం మాట ఎత్తాడంటే ఏ పోలీసుకైనా నోరూరుతుంది.

రెబ్కా వేళలు అడిగింది. దీపాల వైర్లు ముగించి ఆరింటికి మొట్టమొదటిసారి స్విచ్చి వేశానని చెప్పాడు. అంతకుముందు ఆ బండి దీపాలు ఒక్క క్షణం కూడా వెలగలేదు. కుడి దీపం పైకి కొడుతోందని, పొద్దున సరిచేద్దామని అనుకున్నారు. ఆరుంబావుకు పోట్లాట. ఆరూ ఇరవైకి సైకిలెక్కాడు. దారిలో పంక్చరైంది, నడిచి ఇంటికి పోయాడు, ఎవరూ చూడలేదు. ఏడింటికి కరెంటు పోయింది, ఎనిమిదింటికి వచ్చింది. భోజనానికి ఇంటికి పోయిన సైదా ఎనిమిదీ పావుకు తిరిగొచ్చి గోడౌను తలుపు తీసి కేక పెట్టాడు.

"చీరాల కుదురేంటి?"

లాకప్‌లో ఉన్నవాడు మొదటిసారి నవ్వబోయాడు, చెంప నొప్పెట్టి ఆగిపోయాడు.

ఆ బండికి కుడి దీపం రింగు లేదట. దీపం అద్దం చుట్టూ ఉండే తళతళలాడే రింగు. అంకమ్మరావు కొత్త రింగులు రెండు డబ్బాలో పెట్టి పంపించాడు. అవి ఇనుపవి, బుడే సాహెబు మొహం చిట్లించాడు. ఎడమవైపుది పగిలిపోయింది గనక అక్కడ మాత్రం ప్రస్తుతానికి ఒకటి బిగించాడు. ఆయన మెడలో తాడుకు ఎప్పుడూ ఒక అయస్కాంతం ముక్క ఉండేది. దాన్ని రింగుకు ఆనించి, అంటుకుంటే ఇది మన బండిది కాదురా అనేవాడు. అసలుది ఇత్తడి మీద పూత పూసింది, అంటుకోదు. దానికోసం నెలలు తిరిగాడు. పది రోజుల కిందట చీరాలలో ఎవరింట్లోనో మంచినీళ్ళు అడిగితే, ఆ నీళ్ళకుండ కింద కుదురుగా పెట్టి ఉంది. చింతపండుతో తోమి తోమి బంగారంలా మెరుస్తోందట.

"రింగు తెచ్చి మళ్ళీ పూత పూయించాడు మేడమ్. మంగళవారం మధ్యాహ్నం బూత్ నుంచి అంకమ్మరావుగారికి ఫోన్ చేసి చెప్పాడు. అసలు రింగు దొరికిందండోయ్, లోపల ఏదో పేరు కూడా చెక్కి ఉంది అని. ఎక్కడ దొరికిందో మాత్రం చెప్పలా. సామాను దొరికిన చోటు నాకు తప్ప మామ ఎవరికీ చెప్పడు."

"ఆ రింగు ఇప్పుడెక్కడుంది?"

"తెలీదు. నేనున్నంతసేపూ చూపించలా. నా మీద అలిగినప్పుడు ఏదీ చూపించడు," అన్నాడు. అప్పుడు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆఖరిసారి అలిగే విడిపోయామన్న సంగతి లాకప్ గోడల కన్నా ఎక్కువగా అతన్ని నలుపుతోంది.

గోడౌనుకు చేరేసరికి పన్నెండు. చీరాలకు పాతిక కిలోమీటర్ల ఇవతల, రోడ్డు మీదికే ఉంది. సైదా తలుపు తీసి, లోపలికి రానని గడపలోనే నిలబడిపోయాడు. కిటికీలు లేవు. పట్టపగలే లోపల చీకటి, పాత పొగాకు ఘాటు ముక్కుపుటాలు మండించేలా ఉంది. మధ్యలో నల్లటి ఆస్టిన్, నున్నగా, నిన్న పుట్టినట్టుంది. కింద నేల మీద ఇసుక పోశారు. ఇసుక ఎందుకు పోశారో ఎవరికీ చెప్పనక్కర్లేదు.

రెబ్కా ముందు దుంగలు చూసింది. బుడే సాహెబు ఎప్పుడూ ఒక్క జాకీని నమ్మి బండి కింద దూరడు, రెండు పక్కలా వేప దుంగలు పెడతాడు. ఆ దుంగలు గోడ వారగా ఒకదాని మీద ఒకటి నీటుగా పేర్చి ఉన్నాయి. జారినవి కావు, తీసినవి. ఈ మాట త్రినాథ్ కూడా ఒప్పుకున్నాడు, అందుకే ఇది ప్రమాదం కాకుండా హత్య అయింది. ఆ మాత్రం న్యాయం అతనికి చెయ్యాలి.

తర్వాత పంచనామా నకలు చదివింది. శవం చొక్కా జేబులో ఒక పానా. జహీరున్నీసా చెప్పిన అలవాటే అది. బండి కిందకు దూరే ముందు బ్యాటరీ వైర్లు రెండూ విప్పి, ఆ పానా జేబులో వేసుకుంటాడు. తాను బయటికి వచ్చేదాకా ఇంకెవరూ కరెంటు ఇవ్వకూడదని. పానా జేబులోనే ఉంది. కానీ పోలీసులు వచ్చేసరికి బ్యాటరీ వైర్లు బిగించి ఉన్నాయి.

ఆయన బండి కింద ఉండగా, లేదా ఆయన పోయాక, ఎవరో బ్యాటరీ తగిలించారు. దేనికి? ఏడు నుంచి ఎనిమిది దాకా కరెంటు లేదు. గోడౌనులో కన్ను పొడిచినా కానరాదు. ఆ వచ్చినవాడికి వెలుగు కావాల్సివచ్చింది. చుట్టూ చూస్తే దేనికో కూడా తెలుస్తూనే ఉంది. అరల్లోని డబ్బాలన్నీ మూతలు తీసి ఉన్నాయి, గోనెసంచులు తిరగబోసి ఉన్నాయి, కారు సీట్లు కూడా లేపి ఉన్నాయి. పోలీసులు ఇంత శ్రద్ధగా వెతకరు.

అంతలో బయట ఏసీ కారు ఆగింది. తెల్ల ఖద్దరు చొక్కాలో అంకమ్మరావు లోపలికి వచ్చాడు. యాభై ఏళ్ళవాడు, నామినేషన్ వెయ్యకముందే నవ్వు మాత్రం ఎమ్మెల్యేది వచ్చేసింది. సాహెబు కుటుంబానికి తాను అండగా ఉంటానని, ఎలీషా ఇలాంటివాడని అనుకోలేదని, ఎవరూ అడక్కుండానే చెప్పాడు. రెబ్కా ఓపిగ్గా విని, మీరు ఎవరి పక్షం, అసలు సామానా, కొత్త సామానా అని అడిగింది.

"నేనేం అడిగానమ్మా? పైకి నాన్నగారి బండిలా ఉండాలి, లోపల ఇప్పటి బండిలా నడవాలి. సాహెబు వింటేగా. ఆ పక్కన చెయ్యిలా లేచే ఇండికేటరు చూడు, ఎవడికి కనపడుద్ది అది? హారను మేకపిల్ల అరిచినట్టుంటది. ఆ దీపాలు ఒట్టి మసక. కుడిదైతే మరీ, కప్పు రేకులు కనపడతయ్ గానీ రోడ్డు కనపడదు. హేలోజన్ వేయించమని మొత్తుకున్నా."

"మీరు ఇక్కడికి ఆఖరిసారి ఎప్పుడొచ్చారు?"

"నెల దాటింది. పార్టీ పనులతో తీరికేది?"

ఆ జవాబులో ఏదో రాయి తగిలినట్టయింది రెబ్కాకు. ఏ రాయో ఆగి చూసుకోవాల్సింది. కానీ అప్పుడామె మనసంతా నాలుగు గంటల మీదే ఉంది. ఎలీషా పేరు కాకుండా ఇంకేదో ఒక దారి ఈ పెద్దమనిషి నోటి నుంచి రాబట్టాలన్న తొందరలో ఉంది. ఆ తొందరలో తన చేతిలోని ముక్క ముందు పడేసింది.

"సాహెబు మీకు ఫోన్ చేసి చెప్పిన రింగు కనపడట్లేదు. చీరాలలో ఒక ఇంట్లో దొరికిందట, నీళ్ళకుండ కింద కుదురుగా వాడుతున్నారట. పక్కింటి ఫోన్ నంబరు నా దగ్గరుంది. సాయంత్రం పోయి ఆ ఇంటివాళ్ళని కలుస్తాను."

అంకమ్మరావు నవ్వు అలాగే ఉంది. కుదురా అన్నాడు. ఆ తర్వాత, ఆ ఇంట్లో ఎవరుంటారమ్మా అని మామూలుగా అడిగాడు. తెలియదంది రెబ్కా. అతను గడియారం చూసుకుని, భోజనానికి ఎవరో ఎదురుచూస్తున్నారని చెప్పి బయల్దేరాడు. అప్పుడు పన్నెండూ నలభై.

ఒంటిగంటకు త్రినాథ్ జీపు వచ్చింది. సైదా ఫోన్ చేసి ఉంటాడు.

"నా కేసులో నీకేం పని?" అన్నాడు వస్తూనే.

"హతుడి భార్య పెట్టిన పని."

"ఆవిడకేం తెలుసు. నువ్వు చూస్తోంది మీ చర్చివాడి మొహం."

ఆ మాట రెబ్కాకు తగిలింది. చిన్నప్పటి నుంచి తగులుతున్న చోటే తగిలింది. అయినా ఆమె మొహంలో ఏమీ కనపడనివ్వలేదు. ఈ మాటకు జవాబు చెబితే అతను గెలిచినట్టే.

త్రినాథ్ తన గెలుపు తానే చూపించుకోవాలనుకున్నాడు. బానెట్ ఎత్తాడు. బ్యాటరీ మైనస్ నుంచి వైరు బాడీకి పోతోంది. అది చూపించి, దీన్ని కనిపెట్టింది నేనే అన్నాడు, నిజంగానే గర్వంగా. ఎర్త్ తిప్పాలని నెలరోజులు పోట్లాడినవాడు ఎలీషా. ముసలాడు ఒప్పుకోలేదు. ముసలాడు పోయాక తిప్పేసి తన పంతం నెగ్గించుకున్నాడు. సంతకం పెట్టి పోయినట్టే. ఇంకేం సాక్ష్యం కావాలి అన్నాడు.

రెబ్కా వంగి ఆ వైర్ల చివర బ్యాటరీకి తగిలించే తలకట్లు చూసింది. బ్యాటరీ రెండు మొనలు ఒకే లావు ఉండవు, ప్లస్ లావు. ప్లస్ కోసం చేసిన పెద్ద తలకట్టు మైనస్ మీద వదులుగా ఊగుతుంటే ఒక మేకు దూర్చి బిగించారు. చిన్న తలకట్టును స్క్రూడ్రైవరుతో విరగదీసినంత పని చేసి ప్లస్ మీదికి ఎక్కించారు.

"త్రినాథ్, ఒక్క నిమిషం డ్రైవరు సీట్లో కూర్చో. దీపాల స్విచ్చి వెయ్యి."

అతను వద్దనబోయి, ఏం చేస్తుందో చూద్దామని కూర్చున్నాడు. స్విచ్చి వేశాడు. దీపాలు పసుప్పచ్చగా వెలిగాయి. గోడౌను చీకటి రెండుగా చీలింది.

"ఇప్పుడు ఛార్జింగు మీటరు చూడు. ఇంజను ఆపి ఉంది, దీపాలు కరెంటు తాగుతున్నాయి. ముల్లు ఎటుండాలి?"

"మైనస్ వైపు."

"ఎటుంది?"

త్రినాథ్ మీటరు మీదికి వంగాడు. ముల్లు ప్లస్ వైపు ఉంది. దీపాలు వెలుగుతుంటే బ్యాటరీ నిండుతున్నట్టు చూపిస్తోంది.

"ఎర్త్ తిప్పితే ఆ మీటరు వెనక వైర్లు కూడా మార్చాలి," అంది రెబ్కా. "ఎలీషా నెలరోజులుగా చెబుతోంది అదే. ఊరికే బ్యాటరీ తిరగేస్తే డైనమోను అదుపులో పెట్టే కటౌటు కాలిపోతుందని లాకప్‌లో కూడా చెప్పాడు. పంతం నెగ్గించుకునేవాడైతే పని సరిగ్గా చేసి నెగ్గించుకుంటాడు. ఈ పని ఎవడో ఎర్త్ తిప్పాలని చేసింది కాదు. ఈ బండికి ప్లస్సే ఎర్తని తెలియనివాడు, చీకట్లో వెలుగు కోసం, తనకు తెలిసినట్టు మైనస్ తీసుకెళ్ళి బాడీకి కట్టాడు. లారీలున్న ఏ ఆసామికైనా అంతవరకు తెలుసు. ఈ ఊళ్ళో ఈ తప్పు చెయ్యలేనివాళ్ళు ఇద్దరే ఇద్దరు. ఒకడు చచ్చిపోయాడు, రెండోవాణ్ణి నువ్వు లోపల వేశావు."

"ముల్లు కోర్టుకొచ్చి సాక్ష్యం చెప్పదు రెబ్కా," అన్నాడు త్రినాథ్. గొంతులో మాత్రం ఇందాకటి బిగువు లేదు. సీట్లోంచి లేవలేదు కూడా.

రెబ్కా అతని వైపు చూడటం లేదు. కుడి దీపం వెలుగు ఎక్కడ పడుతోందో చూస్తోంది. ఎడమ దీపం వెలుగు నేల మీద పడింది. కుడిది పైకి లేచి, కప్పు రేకుల మీద గుండ్రంగా నిలబడింది.

కప్పు రేకులు కనపడతయ్ గానీ రోడ్డు కనపడదు.

ఇందాక కాలికి తగిలిన రాయి అదే. ఈ దీపం మొదటిసారి వెలిగింది మంగళవారం సాయంత్రం ఆరింటికి. అది కప్పు వైపు కొడుతుందని తెలిసినవాళ్ళు ఆ వేళ ఇక్కడున్న ఇద్దరు. ఇంకొకడికి తెలిసిందంటే, వాడు ఆరు తర్వాత ఇక్కడ ఈ దీపం వేసి చూసుండాలి. నెల దాటింది నేనొచ్చి అన్నాడు అంకమ్మరావు.

ఆమె త్రినాథ్‌కు ఆ సంగతి చెప్పింది. అతను వెంటనే పెద్దగా నవ్వాడు, భయం వేసినప్పుడు నవ్వే నవ్వు. అంకమ్మరావు మీద చెయ్యి వేస్తే నా ఉద్యోగం ఏమవుతుందో నీకు తెలుసా అన్నాడు. ఒక పాత రింగు కోసం కాబోయే ఎమ్మెల్యే మెకానిక్కును చంపాడా, నువ్వే చెప్పు, నమ్మేలా ఉందా అన్నాడు. ఆ ప్రశ్న మాత్రం న్యాయమైనదే. రెబ్కా మళ్ళీ అరల వైపు తిరిగింది.

అరలో మూత తీసి ఉన్న అట్టడబ్బా ఆమె కంటపడింది. కొత్త రింగుల డబ్బా. అంకమ్మరావు పంపింది రెండు. డబ్బాలో ఒక్కటుంది. కారుకు రెండు రింగులూ బిగించి ఉన్నాయి, రెండూ తళతళలాడుతూ అక్కచెల్లెళ్ళలా ఉన్నాయి. మొత్తం మూడు. ఎడమవైపుది ఇనుప రింగే అనుకుంటే, మరి మూడోది?

"పంచనామాలో రాసిన ఆ తాడు, అయస్కాంతం ఎక్కడున్నాయి?"

జీపులో ఉన్నాయి. కానిస్టేబులు కవరు తెచ్చి ఇచ్చాడు. తాడుకు ఇంకా ఆ ముసలాయన చెమట వాసన ఉంది. రెబ్కా ఆ ముక్కను ఎడమ దీపం రింగుకు ఆనించింది. టక్కున అంటుకుంది. లాగి కుడి దీపం రింగుకు ఆనించింది. జారి కింద పడింది.

వాడు గోడౌనంతా తిరగదోడి వెతికిన రింగు ఇదే. ఏ దీపం వెలుగులో వెతికాడో ఆ దీపానికే ఉంది. అసలుదేదో కొత్తదేదో తెలిసినవాడైతే కళ్ళ ముందే చూసేవాడు.

రెబ్కా స్క్రూ విప్పి రింగు ఊడదీసింది. లోపలి అంచున చిన్న చిన్న చుక్కలతో అక్షరాలు. వీధుల్లో తిరుగుతూ గిన్నెల మీద పేర్లు చెక్కేవాళ్ళ చేతి పని. ఏ ఇంట్లోనైనా ఇత్తడి సామానుకు అలా పేరు వేయించుకుంటారు. కుదురుకు కూడా వేయించింది ఆ ఇల్లాలు. దీపం వెలుగులో పెట్టి చదివింది.

కీ.శే. పున్నారావు 9-3-79.

బుడే సాహెబు నెల్లూరు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డవాడు, ఆయనకు ఆ పేరు ఎవరిదో తెలియదు. రెబ్కాకు తెలుసు. ఆమె తల్లి చీరాల పొగాకు కంపెనీలో ఆకు ఏరే కూలీ. 1979లో ఆడకూలీలందరూ నలభై రోజులు పని ఆపారు. ఆపించినవాడు పున్నారావు. నలభై ఒకటో రోజు సాయంత్రం సైకిల్ మీద వస్తుంటే గుద్ది పోయారు. లారీ అన్నారు. పదేళ్ళ రెబ్కా తల్లి చెయ్యి పట్టుకుని ఆ శవం వెనక నడిచింది. ఆ కంపెనీ యజమాని అంకమ్మరావు తండ్రి. అంకమ్మరావుకు అప్పుడు పాతికేళ్ళు, బండి నడిపే వయసు. ఆ నెలలోనే ఆస్టిన్ కారు గోడౌనులోకి పోయి, పాతికేళ్ళు బయటికి రాలేదు.

మొగుడు పడిపోయిన చోట దొరికిన వస్తువు. అదేమిటో ఆ ఇల్లాలికి తెలియలేదు. దాని మీద మొగుడి పేరు చెక్కించుకుని, రోజూ తోమి, నీళ్ళకుండ కింద పెట్టుకుంది.

"వెంకటరావమ్మ," అంది రెబ్కా. "పున్నారావు భార్య. ఆవిడింకా బతికే ఉంది. ఆ రింగు ఎక్కడ దొరికిందో చెప్పగలిగేది ఆవిడొక్కతే."

ఆ మాట నోట్లోంచి బయటికి వచ్చాక ఆమెకు అర్థమైంది. చీరాల అని చెప్పింది తానే. కుదురు అని చెప్పింది తానే. సాయంత్రం పోతానని కూడా, వేళతో సహా, తానే చెప్పింది. పేరు తెలియకపోయినా, పున్నారావు ఇల్లు ఎక్కడో అంకమ్మరావుకు ఒకరు చెప్పాలా? బుడే సాహెబు చచ్చేదాకా దాచిన చోటును, ఒక మనిషిని విడిపించే తొందరలో, తాను ఐదు నిమిషాల్లో చేతిలో పెట్టి పంపింది. తన మీద తనకే అసహ్యం వేసింది.

త్రినాథ్ రింగు అందుకుని ఆ తేదీ చాలాసేపు చూశాడు. అతనికీ ఆ కేసు తెలుసు. స్టేషను బీరువాలో అడుగున, లారీ ఆచూకీ తెలియలేదని మూసేసిన ఫైలు. హత్యకు కాలదోషం ఉండదని కూడా అతనికి తెలుసు. సెల్ తీసి స్టేషనుకు చేశాడు. ఆ ఎలీషా రిమాండు కాగితం ఆపమన్నాడు, ఎందుకని అడిగినవాణ్ణి కసిరాడు. తర్వాత సెల్ రెబ్కా చేతికిచ్చాడు.

"ఆ పీపీ నంబరు కొట్టు."

ఒంటిగంట ముప్పై ఐదు. నాలుగుసార్లు మోగాక ఒక ఆడగొంతు పలికింది. శాంతేనంది.

"పక్కింటి వెంకటరావమ్మగారిని పిలుస్తారా? అర్జంటు."

"అత్త ఇంట్లో లేదండీ. ఇప్పుడే, పది నిమిషాలైంది, కారెక్కి పోయింది. ఎవరో పెద్దమనిషి వచ్చాడు తెల్లచొక్కాలో. ఇత్తడి కుదురు ఇచ్చేసింది కదా, దానికి బదులు కొత్తది కొనిపెడతానన్నాడు. అత్త వద్దంటానే ఉంది, ఆయనే చెయ్యి పట్టి ఎక్కించాడు."

"ఎటు పోయారు? బజారుకా?"

"అదేనండీ నేనూ అనుకున్నా. బజారుకైతే ఎడం పక్కకి తిరగాలా, కారు సముద్రం వైపు వాడరేవు రోడ్డుకి పోయింది. దారి తెలీదేమో పాపం."